గుర్రుపెట్టి నిద్రపోయేవాడికి నిద్ర లేదట

పడుకున్న రెండో నిమిషంలో నాకు గురక మొదలవుతుంది. మా అత్తగారు దాన్ని నలుగురిలో గొప్పగా చెప్పేవారు: "మా పెద్దల్లుడిది అదృష్ట జాతకం, మంచమెక్కితే చాలు." అసలు చిక్కు మన భాషలోనే ఉంది. ఎవరైనా హాయిగా నిద్రపోయారని చెప్పాలంటే గుర్రుపెట్టి నిద్రపోయారంటాం. ఆ మాటను నమ్మి నేను పదేళ్ళు మోసపోయాను.

నేను ఉండేది ఏలూరులో. హనుమాన్ జంక్షన్‌లో ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. సాయంత్రం రాజమండ్రి బస్సెక్కి, ఏలూరు దాటిపోయాక భీమడోలులో కళ్ళు తెరిచిన రోజులున్నాయి. ఒకే ఏడాదిలో మూడుసార్లు. మూడోసారి కండక్టరు అదనపు టికెట్ ఊసెత్తకుండా "ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ?" అని అడిగాడు. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్ చేస్తూ గోడకానుకుని నిలబడే కునుకు తీశాను. చీటీలు తెచ్చుకున్న పిల్లలు నన్ను చల్లగా ఉండమని దీవించి ఉంటారు.

వీటన్నిటికీ నా దగ్గర కారణాలుండేవి. వయసు 49, ఎండలు, మధ్యాహ్నం పెరుగన్నం. పొద్దున లేవగానే తలనొప్పికి ఒక కారణం, నోరెండిపోవడానికి ఇంకొకటి. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగరేమోనని పరీక్ష చేయించుకున్నాను. షుగర్ లేదు. బీపీ మాత్ర ఒకటల్లా రెండయింది, అయినా బీపీ దిగలేదు. ఇవన్నీ ఒకే తీగకు కాసిన కాయలని నాకు తట్టలేదు.

తట్టింది మా ఆవిడకు. నా గురకకు ఆమె ఏనాడో అలవాటు పడిపోయింది. ఆమెకు మెలకువ తెప్పించేది గురక కాదు, అది ఆగిపోవడం. "మీరు ఊపిరి తీయడం మానేస్తున్నారండీ" అంటే కొట్టిపారేశాను. మర్నాడు రాత్రి ఫోనులో వీడియో తీసింది. చీకట్లో బొమ్మ సరిగా లేదు కానీ చప్పుడు స్పష్టంగా ఉంది. గురక పెరిగి పెరిగి ఠక్కున ఆగింది. ఆపైన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. 26 సెకన్లు. చెరువులో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి ఎగశ్వాస, మళ్ళీ గురక. మిగతాది నేను చూడలేకపోయాను.

విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నేను చెప్పినదానికంటే ఆ వీడియోకే ఎక్కువ విలువ ఇచ్చారు. టేపుతో మెడ చుట్టుకొలత తీశారు. తర్వాత 8 ప్రశ్నల కాగితం ఇచ్చారు. కూర్చుని చదువుతుంటే, బస్సులో వెళ్తుంటే, భోంచేసి కూర్చుంటే కునుకు పట్టే అవకాశం ఎంత? ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 3 వరకు మార్కులు. మెల్‌బోర్న్ డాక్టరు ముర్రే జాన్స్ 1991లో తయారు చేసిన ఎప్‌వర్త్ కొలమానం అది. 10 దాటితే మగత ఎక్కువున్నట్టు. నాకు 24కు 17 వచ్చాయి. మా కళాశాలలో అయితే ఫస్టు క్లాసు.

ఆ తర్వాత ఒక రాత్రి ఆసుపత్రిలో నిద్ర పరీక్ష. తలకు, గడ్డానికి, కళ్ళ పక్కన, పిక్కలకు వైర్లు, ఛాతీకీ పొట్టకూ పట్టీలు, ముక్కులో గొట్టం, వేలికి క్లిప్పు. నన్ను పెళ్ళికొడుకును చేసినంతసేపు పట్టింది అలంకరణ. ఇంత సరంజామాతో నిద్రేమిటనుకున్నాను కానీ నాకు పట్టకపోవడమా! ఫలితం: ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగడమో బాగా తగ్గిపోవడమో గంటకు 41 సార్లు. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా కిందే లెక్క. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి గాలిదారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి కొద్ది క్షణాలు లేచి, దారి తెరిచి మళ్ళీ పడుకుంటుంది. ఆ మెలకువ పొద్దుటికి గుర్తుండదు. మూసుకున్న గొంతుతో ఊపిరి లాగే పెనుగులాటలో గుండె గది సాగి, ఒంట్లో నీరెక్కువైందని పొరబడి మూత్రం పెంచే హార్మోను వదులుతుందట. నా మూడుసార్ల లెక్క తేలింది.

మందు మాత్ర కాదు, గాలి. ముక్కుకు మాస్కు తగిలించి, గొంతు మూసుకోకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం. సిడ్నీలో కోలిన్ సలివన్ ఈ పద్ధతిని 1981లో ప్రకటించారు. మొదటి వారం నరకం. మాస్కు అంచుల్లోంచి గాలి కారి కళ్ళలో కొట్టేది. మా అబ్బాయి నన్ను వినాయకుడన్నాడు. మాస్కు సైజు మార్చాక కుదిరింది. రెండో వారంలో ఒక రాత్రి అస్సలు లేవకుండా తెల్లవారింది. అప్పటినుంచి దాన్ని ఎవరేమన్నా ఊరుకోను. బరువు 7 కిలోలు తగ్గాను, పక్కకు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాను. నిద్రమాత్రలూ మద్యమూ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళవద్దన్నారు.

గురక ఆగింది కాబట్టి ఇక మా ఆవిడ నిద్రపోవాలి కదా. పోలేదు. రాత్రి ఒంటిగంటకు హాల్లో పచార్లు. అడిగితే "కాళ్ళు పీకుతున్నాయి" అంది. ఎన్నాళ్ళనుంచి? ఎన్నో ఏళ్ళనుంచి. నా గురక చాటున అదెవరికీ వినబడలేదు. పడుకుంటే కాళ్ళ లోపల చీమలు పాకినట్టుంటుంది, కదిపితే, నడిస్తే తగ్గుతుంది, పొద్దుగూకాక ఎక్కువ. ఇవి వినగానే డాక్టరుగారు రెస్ట్‌లెస్ లెగ్స్ అన్నారు, రక్తంలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే లెక్క, చూడమన్నారు. 14 ఉంది. ఈ జబ్బున్నవాళ్ళకు 75 కంటే తక్కువుంటే ఇనుము ఇస్తారట. ఇంకో తమాషా: నిద్ర పడుతుందని ఆమె అప్పుడప్పుడు జలుబు మాత్ర వేసుకునేది. మగత తెప్పించే పాతరకం జలుబు మాత్రలు ఈ కాళ్ళ బాధను పెంచుతాయి. అది మాన్పించి, ఇనుము మాత్రలు రాసి, వాటితో టీ తాగవద్దన్నారు. మూడో నెలకు పచార్లు బాగా తగ్గాయి. టీ విషయంలో మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో చర్చలు జరుగుతున్నాయి.

మొన్న సంక్రాంతికి అత్తవారింట్లో నేనూ మా తోడల్లుడూ హాల్లో పడుకున్నాం. నేను మాస్కు పెట్టుకుంటుంటే నవ్వి, అటు తిరిగి రెండు నిమిషాల్లో గురక అందుకున్నాడు. కాసేపటికి ఆగింది. లెక్కపెట్టాను. 19 సెకన్లు. మాస్కు తీసి ఫోను అందుకున్నాను.

పొద్దున కాఫీ దగ్గర "ఒళ్ళు తెలియకుండా నిద్రపోయానన్నయ్యా" అన్నాడు. ఏమీ అనకుండా వీడియో పెట్టి ఫోను అతని చేతికిచ్చాను.