జాన్ ప్రైన్ తొలి ఆల్బమ్

కంట్రీ, ఫోక్ సంగీతాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న తొలి ఆల్బమ్ అమెరికన్ గాయకుడు, పాటల రచయిత జాన్ ప్రైన్‌ది. 1971లో అట్లాంటిక్ రికార్డ్స్ విడుదల చేసిన ఈ ఆల్బమ్‌కు గాయకుడి పేరే పెట్టారు. షికాగో దగ్గరి మేవుడ్‌లో పుట్టి, సైన్యంలో పనిచేసి తిరిగివచ్చి, పోస్ట్‌మ్యాన్‌గా ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ, ఆ నడకలోనే పాటలు కట్టుకున్న మనిషి ఆయన. రాత్రిపూట క్లబ్బుల్లో పాడుతుండగా 1970లో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ విని పత్రికలో రాశారు. ఆ తరువాత మిత్రుడైన గాయకుడు స్టీవ్ గుడ్‌మన్ పట్టుబట్టి, పేరున్న కంట్రీ గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్‌ను తీసుకువచ్చి వినిపించారు. అక్కడి నుంచి రికార్డింగ్ ఒప్పందం కుదరడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

పాటలు రికార్డు చేసేనాటికి ఆయనకు 24 ఏళ్లు. ఆ వయసు గాయకులు సాధారణంగా తమ ప్రేమ గురించి, తమ బాధ గురించి పాడతారు. ప్రైన్ మాత్రం తన గొంతును ఇతరులకు అప్పగించారు. ‘హలో ఇన్ దేర్’లో పిల్లలు తలోదారిన వెళ్లిపోగా, ఒక కొడుకును కొరియా యుద్ధంలో పోగొట్టుకున్న ముసలి భర్త మాట్లాడతాడు. భార్య వెనుక తలుపు జాలీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది, అంతే; ఆమె దుఃఖాన్ని కవి విడమరచి చెప్పడు. ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ’లో అయితే ఆయనే ఒక వయసు మళ్లిన స్త్రీగా మారిపోయి, వంటింట్లో ఈగల రొద వింటూ, సాయంత్రం ఇంటికి వచ్చినా చెప్పడానికి మాటే లేని భర్త గురించి చెప్పుకుపోతారు. తరువాత ఎందరో గాయనులు ఈ పాటను తమదిగా చేసుకున్నారు. 1974లో బోనీ రైట్ పాడినది అందరికంటే ప్రసిద్ధం.

‘సామ్ స్టోన్’ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. యుద్ధంలో గాయపడి, మార్ఫిన్‌కు అలవాటుపడి ఇంటికి చేరిన సైనికుడి కథ ఇది. పల్లవికి వచ్చేసరికి ఆ తండ్రిని మనం బిడ్డ కళ్లతో చూస్తాం. వెనుక ప్రార్థనా మందిరంలో వినిపించినట్టుగా ఆర్గన్ మోగుతుంది. యుద్ధాన్ని తిట్టే మాట ఒక్కటీ ఉండదు, తిట్టవలసిన అవసరమూ రాదు.

ఆరిఫ్ మార్దిన్ నిర్మించిన ఈ ఆల్బమ్‌లోని 13 పాటల్లో ఒక్కటి తప్ప అన్నీ మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో రికార్డయ్యాయి. అక్కడి వాద్యకారులు గొప్పవారే, కానీ చురుకైన పాటల్లో వారి నైపుణ్యం ప్రైన్ గరుకు గొంతును కొంచెం నునుపు చేసిందని నాకు అనిపిస్తుంది. న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘ప్యారడైజ్’కు ఆ ఇబ్బంది లేదు. కెంటకీలో తన తల్లిదండ్రుల ప్రాంతాన్ని బొగ్గు తవ్వకాలు మింగేసిన తీరును తండ్రి కోసం రాసిన పాట అది. అన్న డేవ్ ఫిడిల్ వాయించగా, గుడ్‌మన్ గిటార్ పట్టగా, ఇంటివాళ్లంతా వరండాలో చేరి పాడుకుంటున్నట్టే వినిపిస్తుంది. ఈ ఆల్బమ్‌ను కొత్తగా వినబోయేవారిని నేను ఈ పాటతోనే మొదలుపెట్టమంటాను.