దండెం మీద బాక్సింగ్ పట్టీలు

కావలి దగ్గర మా అక్క వాళ్ల ఊరెళ్లాను. దండెం మీద చీరల పక్కన పొడుగాటి గుడ్డ పట్టీలు ఆరేసున్నాయి. అక్క కూతురు గ్లవ్స్ వేసుకునే ముందు మణికట్టు నుంచి వేళ్ల సందుల దాకా చుట్టుకునేవి. అయినా కణుపుల మీద తోలు లేచిపోయింది బిడ్డకి.

"ముక్కు పగిలితే దీన్నెవురు చేసుకుంటారు మే?" అంది పక్కింటి పెద్దమ్మ. ఒళ్లు మండింది నాకు. మణిపూర్ పల్లెలో మేరీ కోమ్ నాన్నదీ ఇదే భయం! ఆమె 6 సార్లు ప్రపంచ ఛాంపియనైంది. ఇద్దరు కవల పిల్లల తల్లయ్యాక, 2012 లండన్ ఒలింపిక్స్‌లో తన 48 కిలోల విభాగమే లేకపోతే, 51 కిలోల్లో తనకన్నా ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లతో తలపడి కాంస్యం తెచ్చింది.

పాప బూట్లు చినిగిపోయాయి. జీతం పడగానే ముందు అవే కొంటా, బావ వద్దన్నా సరే.