మధ్యలో పడ్డ బంతి

మా మేనల్లుడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. చేతిలో జీకే పుస్తకం, వరండాలో పచార్లు. ఆదివారం పొద్దున్న నేను మునగాకు దూస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అత్తా, ఒకే వింబుల్డన్‌లో సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడింట్లోనూ ఫైనల్‌కొచ్చి, మూడూ ఓడిపోయినావిడ ఎవరో చెప్పు?"

నాకేం తెలుస్తుంది.

"బెట్టీ స్టోవె. నెదర్లాండ్స్. 1977. నీకన్నా దురదృష్టవంతురాలు ఉందత్తా!" అని నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

నా సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరు ఎందులో ఓడిపోయినా నా పేరే ఎత్తుతారు. కాలేజీలో నేను బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఈకల షటిల్ కాదు, పసుపు రంగు ఉన్ని బంతి. ఈ తరం పిల్లలకి ఆ ఆట చూపించాలంటే ఫోన్‌లో వెతికి చూపించాలి. పొద్దున్నే ఆడితే మంచుకి ఉన్ని తడిసి బంతి బరువెక్కేది, మధ్యాహ్నం ఆడితే గాలికి ఎటో పోయేది. కింద పడనివ్వకూడదు, గాల్లో ఉండగానే కొట్టాలి. అసలు ఆట ఐదుగురితో. డబుల్స్ కూడా ఉండేది. నేనూ, బొబ్బిలి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఇంకో అమ్మాయీ డబుల్స్ ఆడేవాళ్లం. దాని పేరు రాయను, రాస్తే నన్ను బతకనివ్వదు. మేమంతా బొబ్బిలి పిల్ల అనేవాళ్లం, అదే రాస్తాను.

1988లో శ్రీకాకుళంలో ఆడిన ఫైనల్. చెరో గేమ్ అయిపోయి మూడో గేమ్‌కొచ్చాం. 29 పాయింట్ల ఆట, 28-27 వాళ్లది. అవతలి పిల్ల బంతిని మా ఇద్దరి మధ్యకి కొట్టింది. గట్టిగా కూడా కొట్టలేదు. మెల్లగా, తీసుకోమన్నట్టు వచ్చింది. నేను బొబ్బిలి పిల్ల వైపు చూశాను, అది నా వైపు చూసింది. బంతి మా ఇద్దరి కాళ్ల మధ్య 'తప్' మని పడింది. ఉన్ని బంతి కదా, పెద్దగా ఎగరదు, అక్కడే మట్టిలో ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది. ఆ చుట్టు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"అది నీ బంతేనే! చూస్తూ నిల్చున్నావేటి?" అందది, పీడీ మాస్టారి ముందే.

నేనూ ఊరుకోలేదు. రైలెక్కడానికి ఆమదాలవలస స్టేషన్‌కి వచ్చేదాకా అరుచుకున్నాం, ఎక్కాక మాటల్లేవు. విజయనగరంలో దిగేటప్పుడు ఒకరి బ్యాగు ఒకరం అందించుకోలేదు కూడా. ఆ తర్వాత ఆ జంట మళ్లీ కోర్టులోకి దిగలేదు. నేను ఐదుగురి టీములో ఆడాను. అదైతే ఆటే మానేసింది.

మేనల్లుడి ప్రశ్న ఆ రోజంతా వదల్లేదు. రాత్రి అన్నాలయ్యాక ఫోన్ పట్టుకుని బెట్టీ గురించి చదవడం మొదలెట్టాను. పన్నెండు దాటిపోయింది.

1977 అంటే వింబుల్డన్‌కి నూరేళ్లు, ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి పాతికేళ్లయిన సంబరం కూడా ఆ ఏడాదే. ఫైనల్ చూడ్డానికి రాణే వచ్చి కూర్చుంది. ఒక పక్క ఇంగ్లండ్ ముద్దుబిడ్డ వర్జీనియా వేడ్, రెండో పక్క రోటర్‌డామ్‌లో పుట్టిన ఆరడుగుల బెట్టీ. ఇద్దరూ 1945లో పుట్టినవాళ్లే, మధ్యలో పదహారు రోజులు తేడా. సెమీస్‌లో బెట్టీ ఓడించింది కూడా ఇంగ్లండ్ అమ్మాయినే, స్యూ బార్కర్‌ని. ఫైనల్లో ఇద్దరూ తమ పిల్లలే ఉంటారని ఆశపడ్డ జనం ముందు, రాణి ఎదురుగా ఆడాలి. మొదటి సెట్ 6-4తో కొట్టేసింది. తర్వాత 3-6, 1-6. అయిపోయింది. డబుల్స్‌లో మార్టినా నవ్రతిలోవాతో కలిసి ఓడింది, మిక్స్‌డ్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు ఫ్రూ మెక్‌మిలన్‌తో కలిసి ఓడింది. జీకే పుస్తకం ఇక్కడితో ఆపేసింది.

నన్ను పట్టుకున్నవి వేరే రెండు సంగతులు.

మొదటిది, ఆ వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో బెట్టీ ఓడించింది ఎవర్నో కాదు, నవ్రతిలోవానే. 9-8, 3-6, 6-1. అప్పటికి నవ్రతిలోవాకి ఇరవై ఏళ్లు, బెట్టీకి ముప్పై రెండు. అంటే సింగిల్స్‌లో ఒకరినొకరు ఓడించుకోవాలి, డబుల్స్‌లో అదే మనిషి పక్కన నిలబడి వీపు కాపాడాలి. మేమైతే ఒకే హాస్టల్లో ఉండి ఎవరు ముందు స్నానానికి వెళ్లారన్న దానికే రెండు రోజులు మూతి ముడుచుకునేవాళ్లం.

రెండోది, ఆ ఓటమి తర్వాత రెండు నెలలు తిరిగేసరికి యూఎస్ ఓపెన్. డబుల్స్‌కి మళ్లీ నవ్రతిలోవాతోనే దిగింది, మిక్స్‌డ్‌కి మళ్లీ మెక్‌మిలన్‌తోనే. రెండూ గెలిచింది! ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టి లేచి కాసిని మంచినీళ్లు తాగాను.

ఓడిన ఇద్దరితోనే మళ్లీ ఎలా దిగింది? లాకర్ రూమ్‌లో ఎవరేమన్నారో ఎవరూ రాయలేదు. ఏదో అనుకునే ఉంటారు, మనుషులే కదా. అనుకుని కూడా దిగారు. మొత్తం లెక్క చూస్తే ఆవిడ గెలిచిన గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు పది. ఆడవాళ్ల డబుల్స్‌లో ఆరు, మిక్స్‌డ్‌లో నాలుగు. 1972లోనే బిల్లీ జీన్ కింగ్‌తో ఫ్రెంచ్ ఓపెనూ వింబుల్డనూ, ఫ్రాన్స్‌వాజ్ డ్యూర్‌తో యూఎస్ ఓపెనూ గెలిచేసింది. 1981లో ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ మెక్‌మిలన్‌తోనే వింబుల్డన్ మిక్స్‌డ్. ఎదుట ఆడింది ట్రేసీ ఆస్టిన్, ఆమె అన్న జాన్. తోడబుట్టిన జంటని ఓడించింది ఈ కూడిన జంట. హానా మాండ్లికోవాకి కోచ్‌గా కూడా ఉంది. ఆ పిల్ల 1985 యూఎస్ ఓపెన్ సెమీస్‌లో క్రిస్ ఎవర్ట్‌ని, ఫైనల్లో నవ్రతిలోవాని ఓడించి కప్పు పట్టుకుపోయింది. అంటే ఒకప్పటి పార్ట్‌నర్‌ని ఎలా ఓడించాలో బెట్టీ ఇంకొకరికి నేర్పిందన్నమాట. ఇంత ఉంటే జీకే పుస్తకానికి ఓడిన మూడే దొరికాయి.

సింగిల్స్ ర్యాంకింగ్‌లో ఆవిడ ఐదో స్థానందాకా వెళ్లింది. 2019లో కికి బెర్టెన్స్ మాడ్రిడ్ గెలిచి నాలుగుకి చేరేదాకా, నెదర్లాండ్స్ ఆడపిల్లల్లో ఇంకెవరూ దాన్ని దాటలేదు. నలభై రెండేళ్లు!

మా ఊళ్లో ఆటగాళ్ల కొట్లాట కొత్తేం కాదులెండి. విజ్జీ స్టేడియం పక్కనుంచి రోజూ ఆఫీసుకి వెళ్తాను. ఆ విజ్జీ గారు, అంటే మా విజయనగరం రాజకుమారుడు, 1936లో కెప్టెన్‌గా ఇండియా క్రికెట్ జట్టుని ఇంగ్లండ్ తీసుకెళ్లి, టెస్టులు మొదలవక ముందే లాలా అమర్‌నాథ్ అంతటివాణ్ణి వెనక్కి పంపించేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడి వచ్చారు. అలాంటి ఊరిదాన్ని, నేను రైల్లో బ్యాగు అందించకపోవడం ఏపాటి!

బొబ్బిలి పిల్ల ఆరేడేళ్ల క్రితం సాలూరులో ఒక పెళ్లిలో కనిపించింది. వడ్డన దగ్గర ఎదురుపడ్డాం. నెంబర్లు తీసుకున్నాం. అప్పట్నుంచీ వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపిస్తుంది, నేను దణ్ణం బొమ్మ పెడతాను. అంతే. బంతి మాట ఇద్దరం ఎత్తలేదు.

సోమవారం లంచ్ టైమ్‌లో ఫోన్ చేశాను. ముందు మోకాళ్లు, తర్వాత బీపీ మాత్రలు, తర్వాత వాళ్లమ్మాయి సంబంధాలు. ఆ తర్వాత బెట్టీ కథంతా చెప్పాను, రాణి దగ్గర్నుంచి యూఎస్ ఓపెన్ దాకా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఉన్నావేటే?"

"ఉన్నాన్లే. అంతా బానే ఉంది గానీ, వాళ్లిద్దరి మధ్యకి బంతొస్తే ఎవరు తీసేవారట?"