వెయ్యి రూపాయల వైన్: బ్రాండు కంటే ముందు తేదీ చూడండి

వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా వైన్ కొనేవాళ్లంతా ఏ బ్రాండ్ మంచిదని అడుగుతారు. ఆ సీసా ఎప్పటిది, షాపులో ఎక్కడ పెట్టారు అని అడిగేవాళ్లు అరుదు. హైదరాబాద్, విజయవాడ ఎండలకు అడగాల్సింది మాత్రం అదే. విస్కీ ఏళ్లపాటు అల్మారాలో పడున్నా చెక్కుచెదరదు. వైన్‌కు ఆ ఓపిక లేదు. ముప్పై డిగ్రీలు దాటిన గదిలో కొన్ని వారాలుంటే తాజా పండు వాసన పోయి, ఉడికించిన ఎండుద్రాక్ష వాసన మిగులుతుంది.

అందుకే రెండు రూపాయలు ఎక్కువైనా ఏసీ ఉన్న షాపుకే వెళ్లండి. షోకేసులో లైటు కింద నిలబెట్టిన సీసా వద్దని చెప్పి, అట్టపెట్టెలోంచి తీసిమ్మనండి. తెల్ల గాజు సీసాల్లో వచ్చే గులాబీరంగు వైన్ (దీన్నే ‘రోజే’ అంటారు) వెలుతురుకు ఇంకా త్వరగా పాడవుతుంది. మూత చుట్టూ వేలితో తడిమి చూడండి. జిగటగా తగిలినా, కార్క్ పైకి ఉబ్బినట్టున్నా ఆ సీసా తీసుకోకండి. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బయటికి తన్నుకొచ్చిందని అర్థం.

తర్వాత లేబుల్ మీద సంవత్సరం. మన దేశంలో వైన్‌కు పేరున్న మహారాష్ట్రలోని నాసిక్ వైపు వానలు వెళ్లాక ద్రాక్ష తీగల కొమ్మలు కత్తిరిస్తారు, కాయ కోత జనవరి నుంచి మార్చి దాకా నడుస్తుంది. అంటే 2025 అని ఉన్న సావిన్యాన్ బ్లాంక్ (ఒక రకం వైట్ వైన్) ఆ ఏడాది మొదట్లో కోసిన కాయది. వైట్, రోజే అయితే రెండేళ్లలోపువి, రెడ్ అయితే మూడేళ్లలోపువి తీసుకుంటే మంచిది. వైన్ పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందన్న మాట ఈ ధరలో దొరికే సీసాలకు వర్తించదు, వీటిని తాజాగా తాగడానికే చేస్తారు. ఇదే డబ్బుకు విదేశీ సీసా దొరికినా, ఇచ్చినదాంట్లో పెద్ద వాటా సుంకాలకే పోతుంది. నా ఓటు నాసిక్‌కే.

కొత్తవాళ్లు చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌తో మొదలుపెట్టడం మేలు. కాస్త తీపి, కాస్త పులుపు ఉండి మన కూరల పక్కన ఇబ్బంది పెట్టదు. కారం ఎక్కువైన వేపుడుతో ఘాటైన, ఒగరైన రెడ్ తాగితే నాలుక ఇంకా మండుతుంది, ఎందుకంటే ఆల్కహాలు, ఒగరు రెండూ కారాన్ని ఎగదోస్తాయి. గోంగూర, పులిహోర లాంటి పుల్లటివాటి పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది. అక్కడ సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది. రెడ్ కావాలంటే మిరియాల వాసనుండే షిరాజ్, లేదా మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఫ్రటెల్లి కంపెనీ వాళ్లు చేసే సాంజియోవేసె. మొత్తం సీసా మీద నమ్మకం లేకపోతే 375 మిల్లీలీటర్ల సగం సీసా అడగండి, నాసిక్ కంపెనీ సూలా వైన్లలో దొరుకుతుంది. చౌకగా దొరికే పోర్ట్ వైన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ తీపి కింద ద్రాక్ష రుచి ఏదో నాలుకకు తెలియదు.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్నది చలిదేశాల మాట. మన గది 32 డిగ్రీలుంటే ఏ రెడ్ తాగినా ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది. ఓ గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టి 16–18 డిగ్రీలకు తేవాలి. వైట్‌కు 8–10. తొందరగా ఉంటే బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడదాకా ముంచితే పావుగంట, ఇరవై నిమిషాల్లో పని అవుతుంది. ఉత్త ఐసుముక్కల్లో గుచ్చితే గాలి సందులు మిగిలి ఆలస్యమవుతుంది. గ్లాసులో మూడోవంతే పోసి, తిప్పి వాసన చూడండి. కాల్చిన అగ్గిపుల్ల వాసన కాసేపట్లో పోతుంది. తడిసిన అట్ట వాసనొస్తే అది కార్క్ చెడు, ఎంతసేపు ఉంచినా పోదు. వెనిగర్ వాసనకూ మందు లేదు. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగానే ఉంటుంది, రెడ్ అయినా సరే.

చిన్న తయారీదారులు చేసే క్రాఫ్ట్ బీరుకూ తేదీయే ముఖ్యం. సీసా మీద తయారీ తేదీ ఉంటుంది. ఐపీఏ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వులు ఎక్కువగా వేసిన రకం. రెండు మూడు నెలలు దాటినది కొనకండి, హాప్స్ వాసన ముందుగా పోయేది అందులోనే. పాతబడిన బీరులో తడి అట్ట రుచి వస్తుంది. పచ్చ, తెల్ల సీసాల్లోది ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకపు కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా, లేదా క్యాన్ నయం.

బీరు అక్కడే తయారుచేసి పోసే బ్రూపబ్‌కు వెళ్తే నేరుగా పెద్ద గ్లాసు చెప్పకుండా చిన్న శాంపిల్స్ అడగండి. ఏ బ్యాచ్ కొత్తదో అడిగి, పలచటివాటి నుంచి ఘాటైనవాటికి వెళ్లండి. ఐపీఏ ముందే తాగితే ఆ చేదుకు తర్వాతవి నీళ్లలా ఉంటాయి. కారంగా ఉన్న స్టార్టర్లకు గోధుమలతో చేసే వీట్ బీరు సరిజోడు. ఐపీఏ చేదు కారాన్ని రెట్టిస్తుంది. వీట్ బీరులో అరటిపండు, లవంగం వాసన ఈస్టుది, అది లోపం కాదు. మామూలు లాగర్ బీరులో వెన్న పాప్‌కార్న్ వాసన వస్తే మాత్రం పులియడం పూర్తికాకుండా తీసేశారనో, ట్యాపు పైపులు శుభ్రంగా లేవనో అనుమానించాలి. గ్లాసు గోడకు బుడగలు అంటుకుని ఉంటే గ్లాసుకు జిడ్డుంది. వేరే గ్లాసులో పోసిమ్మనండి, మొహమాటపడక్కర్లేదు.