లీజర్ పీరియడ్

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు బడి జ్ఞాపకం ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. పంద్రాగస్టు కవాతు గురించి, వార్షికోత్సవం నాటకాల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను ఏమీ జరగని గంటల గురించి రాస్తాను. సారు సెలవు పెట్టి, బదులు ఇంకెవరూ రాక, గంట కొట్టేదాకా క్లాసంతా ఖాళీగా కూర్చున్న పీరియడ్లు గుర్తున్నాయా? మనల్ని ఒక జట్టుగా కలిపిన ఘనత పాఠాలకంటే ఆ పొద్దుపోని గంటలకే ఎక్కువ దక్కుతుందని నా గట్టి నమ్మకం.

లీజర్ అనగానే మొదటి పది నిమిషాలు గోల. తర్వాత అన్నీ అయిపోయేవి. కిటికీ పక్కన కూర్చున్నవాడు చార్మినార్ వైపు పోయే 8ఏ బస్సులు లెక్కపెట్టేవాడు. నడిమి బెంచీల్లో రాజు, రాణి, మంత్రి, దొంగ చీటీలు తిరిగేవి. వెనక బెంచీల్లో మాత్రం బుక్ క్రికెట్ తప్ప ఇంకో ఆట లేదు.

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. పుస్తకాన్ని కళ్లు మూసుకుని ఎక్కడో ఒకచోట తెరవాలి. ఎడమ పేజీ నంబరు చూడాలి. అది ఎప్పుడూ సరిసంఖ్యే. చివరి అంకె 2, 4, 6 అయితే అన్ని పరుగులు. సున్నా అయితే అవుట్. గొడవంతా 8 దగ్గరే. ఎనిమిదికి ఎనిమిదీ ఇవ్వాలని ఒక బెంచీ, క్రికెట్‌లో ఎనిమిది ఎక్కడిది, ఒక్క పరుగే అని ఇంకో బెంచీ.

ఆ కొట్లాట వరండాదాకా వినిపించి ఒకరోజు లెక్కల సారు లోపలికి వచ్చారు. పుస్తకం లాక్కుంటారని అందరం బిగుసుకుపోయాం. ఆయన నిబంధనలన్నీ ఓపిగ్గా అడిగి తెలుసుకుని సుద్దముక్క తీశారు. అయిదు అంకెలకీ సమాన అవకాశం ఉందనుకుంటే అయిదుసార్లలో ఒకసారి అవుట్. అంటే ఒక్కో బ్యాట్స్‌మన్ అవుటయ్యేలోపు సగటున నాలుగుసార్లు పరుగులు తీస్తాడు. ఎనిమిదికి ఎనిమిది ఇస్తే సగటు స్కోరు 20, ఒకటే ఇస్తే 13. "మీ తగాదా విలువ వికెట్‌కి ఏడు పరుగులు" అన్నారు. అంతటితో వదల్లేదు. మన పుస్తకాన్ని పదేపదే తెరిపించి, కుట్లు వదులైన పుస్తకం అలవాటైన చోటే తెరుచుకుంటుందని చూపించారు. అప్పుడు తెలిసింది, మనలో ఒక మిత్రుడు అన్ని సెంచరీలు ఎలా కొట్టేవాడో! సంభావ్యత అనే పాఠం తర్వాత ఇంటర్‌లో వచ్చింది. నాకు అప్పటికే వచ్చు.

సోషల్ నోట్సు చెప్పించుకునేటప్పటి విసుగు మాత్రం వేరు. చేతికి తీరిక లేదు, బుర్రకు పని లేదు. అది ఎవరికీ ఏమీ ఇవ్వలేదని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అదే అంటాను.

ఇక 1990 డిసెంబరు. హైదరాబాద్‌లో మతకల్లోలాలు, కర్ఫ్యూ. మా ఇల్లు పాతబస్తీ గౌలిపురాలో. బడి మూతపడింది, గల్లీలోకి అడుగు పెట్టడానికి లేదు. సడలించిన గంటల్లో పాలకోసం, కూరగాయలకోసం పెద్దవాళ్లు పరుగెత్తేవాళ్లు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇళ్లు మా పక్కనే ఉండేవి. ఆ ఇళ్ల ముందు నాకు తోచట్లేదని అనడానికి కూడా నోరు వచ్చేది కాదు. కానీ పిల్లలకు తోచకపోవడం నిజమే. భయం ఉదయం ఉండేది, రాత్రి ఉండేది. మధ్యాహ్నాలు మాత్రం ఎంతకీ కదిలేవి కావు.

అష్టాచెమ్మా ఆడదామంటే గవ్వలు లేవు. నానమ్మ చింతగింజలు ఇచ్చింది. వాటిని ఒకవైపు తెల్లగా వచ్చేదాకా వాకిట్లో షాబాదు బండమీద అరగదీయాలి. గింజ నున్నగా జారిపోతుంది, పైపెంకు ఓ పట్టాన ఊడదు, వేలి కొసలు మంటపుడతాయి. రుద్దీ రుద్దీ వేడెక్కిన గింజను చెల్లి మోచేతికి చురుక్కుమని అంటించడం, అది కెవ్వుమనడం, నానమ్మ తిట్లు. నాలుగు గింజలు తయారయ్యేసరికి ఒక పూట గడిచిపోయేది. ఆట కన్నా ఆ అరగదీతే నాకు ఇష్టంగా ఉండేది.

బడి తెరిచిన రోజు మొదటి పీరియడ్‌లో సారు పాఠం మొదలుపెట్టలేదు. ఇన్నాళ్లూ ఇంట్లో ఏం చేశారో చెప్పమన్నారు. ఒకడు అట్లాసు చూసి దేశపటాలన్నీ గీశాడు. ఒకడు వాళ్ల అమ్మమ్మ దగ్గర వత్తులు చేయడం నేర్చుకున్నాడు. శాలిబండ మిత్రుడు పక్కింటి చాచా దగ్గర కూర్చుని పాత కేలండరు వెనక ఉర్దూ అక్షరాలు దిద్దాడు, బోర్డు మీద తన పేరు కుడినుంచి ఎడమకు రాసి చూపించాడు. ఊరు అలా ఉన్నప్పుడు ఆ రెండు ఇళ్ల మధ్య గోడ దాటి ఆ కేలండరు అటూ ఇటూ తిరిగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ బృందం 2014లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. ఆలోచించుకోవడం తప్ప వేరే పని లేదు. కావాలంటే ఒక బటన్ నొక్కి చిన్న కరెంటు షాకు తగిలించుకోవచ్చు. ఆ షాకు వద్దనిపించుకోవడానికి డబ్బు ఇస్తామని ముందు చెప్పినవాళ్లే వాళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఒక్కసారైనా నొక్కేశారు. చదివినప్పుడు నాకు మన వెనక బెంచీ గుర్తొచ్చింది. వాళ్లు ఒంటరిగా ఉన్నారు, మనకు పక్కన మనిషి ఉన్నాడు. తేడా అదేనని నేను రుజువు చేయలేను గానీ, నా అనుభవం మాత్రం అదే చెబుతోంది.

ఇప్పుడు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతున్నాను. మా పిల్లలకు ఒక గంట ఖాళీ దొరికితే క్లాసు క్షణంలో నిశ్శబ్దమైపోతుంది. తలలన్నీ ఫోన్లలోకి వంగిపోతాయి. తప్పు వాళ్లది అనను, ఆ వయసులో మన చేతికి అది ఇచ్చి ఉంటే మనమూ అంతే. అయినా ఆ వరసల మధ్య నడుస్తుంటే మనసు చివుక్కుమంటుంది. పక్కవాడికి ఈల వేయడం వచ్చని, వాడి నాన్న మండీలో హమాలీ అని, వాడికి చీకటంటే భయమని ఈ పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? నాకు మీ గురించి ఇవన్నీ తెలిసింది లీజర్ పీరియడ్లలోనే.

అందుకే కమిటీకి ఒక విన్నపం. సమ్మేళనం పట్టికలో జ్యోతి ప్రజ్వలన నుంచి వందన సమర్పణదాకా నిమిషం ఖాళీ లేకుండా నింపారు. భోజనాల తర్వాత ఒక గంట ఏ కార్యక్రమమూ పెట్టకండి. మైకు కట్టేయించండి. మన పాత తరగతి గది తాళం అడిగి తీసుకోండి, ఎవరి బెంచీలో వాళ్లం కూర్చుందాం.