చిపాటాలో ఆయిల్ ఇంజను

మా ఊళ్లో కాలవ గట్టు మీద నాన్నకి ఆయిల్ ఇంజను ఉండేది. హ్యాండిల్ ముట్టుకోబోతే "చెయ్యి ఇరుగుద్దిరా, పోయి చదువుకో" అని తరిమేవాడు. పోయి చదువుకున్నాను. బీకాం, ట్యాలీ, హైదరాబాదులో నాలుగేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత జాంబియా. ఇప్పుడు మలావీ సరిహద్దు దగ్గర చిపాటాలో ఒక గుజరాతీ కుటుంబం హోల్‌సేల్ కొట్టుకి లెక్కలు రాస్తున్నాను. హ్యాండిల్ మాత్రం నా కోసం ఇక్కడే కాచుకుని ఉంది.

2024లో వానలు మొహం చాటేశాయి. ఫిబ్రవరి 29న ప్రెసిడెంట్ హిచిలేమా కరువుని జాతీయ విపత్తుగా ప్రకటించారు. అప్పట్లో ఈ దేశంలో కరెంటు నూటికి 80 పాళ్లకి పైగా నీళ్లతో తయారయ్యేదే. జాంబెజీ నది మీద కరీబా డ్యాము అడుగంటేసరికి మొక్కజొన్న చేలూ పోయాయి, ఇళ్లలో దీపాలూ పోయాయి. మొదట్లో ఎన్ని గంటలు పోతుందో చెప్పుకునేవాళ్లం. ఏడాది సగం దాటాక ఎన్ని గంటలు ఉంటుందో చెప్పుకోవడం మొదలుపెట్టాం. మా వీధికి వస్తే అర్ధరాత్రి దాటాకే వచ్చేది. మా ఆవిడ ఒంటిగంటకి అలారం పెట్టుకుని లేచి ఇడ్లీపిండి రుబ్బేది.

ఇన్వర్టర్ కొన్నాను. దాన్ని ఛార్జ్ చేయడానికైనా కరెంటు ఉండాలి కదా! అప్పుడు మా సేఠ్ గోడౌన్లో ఓ మూల పట్టా కప్పి ఉన్నదాన్ని చూపించి "నడుపుకుంటానంటే తీసుకెళ్లు" అన్నాడు. రెండు పెద్ద చక్రాలు, మధ్యలో నిలువుగా ఒకే సిలిండరు. ఆరు హార్స్‌పవరు, నిమిషానికి 650 చుట్లు. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో మొదలుపెట్టిన నమూనా ఇది. అక్కడ ఆపేసి చాలా ఏళ్లయింది, రాజ్‌కోట్‌లో మాత్రం దాని నకళ్లు పోతపోసి ఆఫ్రికా అంతా పంపారు. బరువు 300 కిలోల పైమాటే. ఆరుగురం దుంగల మీద దొర్లించుకొచ్చి మా ఇంటి వెనక షెడ్లో దించాం.

వాచ్‌మన్ చూసి "ఇది చిగాయో ఇంజను కదా బ్వానా" అన్నాడు. చిగాయో అంటే పిండిమర. ఇక్కడి పల్లెల్లో మొక్కజొన్న పిండి ఆడేది చాలాచోట్ల ఇలాంటి ఇంజన్లతోనే. మర్నాడు మర నడిపే పెద్దాయన్నొకర్ని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ ఆయన్ని బాంబో అని పిలుస్తారు. న్యాంజా భాషలో నాన్న అని అర్థం, పెద్దవాళ్లందరికీ వాడతారు.

బాంబో వచ్చీ రాగానే హ్యాండిల్ జోలికి పోలేదు. పక్క మూత విప్పించి, అడుగున నూనె ఉండే క్రాంక్ కేసులోకి గుడ్డ పెట్టి తుడిచి నా అరచేతిలో విదిల్చాడు. నల్లటి నూనెలో గరగరమంటూ ఇసుక. పోతపోసినప్పటి అచ్చు ఇసుకట. కొత్త ఇంజన్లో కూడా ఉంటుందట, కడక్కుండా తిప్పితే బేరింగులు తినేస్తుందట. రెండు రోజులు డీజిల్‌తో కడిగాం. మన దేశం ఎగుమతి చేసే సరుకులో ఇసుకేమిట్రా అని నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకి మాత్రం అది వింతేం కాదు.

మూడో రోజు స్టార్ట్ చేయబోతే పలకలేదు. డీజిల్ ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి చూస్తే బుడగలు. గాలి పట్టింది. బుడగలు ఆగి డీజిల్ సన్నటి ధారగా వచ్చేదాకా వదిలి, స్క్రూ బిగించి, మళ్లీ నెమ్మదిగా చక్రం తిప్పి "విను" అని సైగ చేశాడు. కిర్ర్... కిర్ర్... సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ చప్పుడు. ఆ కిర్రు వినపడనిదే ఎంత తిప్పినా చేతులు పడిపోవడమే తప్ప లాభం లేదు.

తర్వాత నా వంతు. వాల్వు ఎత్తిపట్టే లివరు పైకి పెట్టాలి. అప్పుడు కంప్రెషన్ ఉండదు, అంటే సిలిండర్లో గాలి నొక్కుకోదు, చక్రాలు బరువుగానైనా తిరుగుతాయి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ వేయకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. వెనక్కి తన్నితే ముందు పోయేది ఆ వేలే. పది పన్నెండు చుట్లు తిప్పి ఊపు అందుకున్నాక లివరు కింద పడేయాలి. నేను భయపడి ఆరో చుట్టుకే పడేశాను. గోడని గుద్దినట్టు ఆగిపోయింది. భుజం జివ్వుమంది. బాంబో నవ్వలేదు. ఎయిర్ క్లీనర్ విప్పి, లోపలికి రెండు చెంచాల ఇంజనాయిల్ పోసి మళ్లీ తిప్పమన్నాడు. అరిగిన రింగుల సందులు నూనె కప్పి కంప్రెషన్ పెంచుతుందని తర్వాత తెలిసింది. ఈసారి లివరు వేయగానే నల్లపొగ, దబ్... దబ్... దబ్. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు పైనున్న బల్బు వెలిగింది. పిల్లాడు చప్పట్లు.

అయితే బల్బు నిలకడగా వెలగదు. ఈ ఇంజను రెండు చుట్లకోసారి మండుతుంది, అంటే సెకనుకి ఐదారు సార్లు. ప్రతి దెబ్బకీ వెలుగు కాస్త ఎగిసి తగ్గుతుంది. ఆ దీపం కింద చదివితే అక్షరాలు ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాయి. ఎల్‌ఈడీలు ఇన్వర్టర్ మీదకి మార్చాకే మావాడి తలనొప్పి పోయింది.

మొదటి రాత్రి వాట్సాప్‌లో నాన్నకి చూపించాను. బొమ్మ సరిగ్గా రాలేదు గానీ చప్పుడు వెళ్లింది. "స్పీడు ఎక్కువైందిరా. గవర్నర్ స్ప్రింగు నట్టు అరచుట్టు వదులు చెయ్యి" అన్నాడు. మీటర్ పెట్టి చూస్తే 53 హెర్ట్జ్, ఉండాల్సింది 50. అరచుట్టు తిప్పాక 51. "పొగ ఏ రంగులో ఉంది? లోడు మీద నలుపు పోయిందా?" అని ఇంకో అరగంట. ఉద్యోగం ఎలా ఉందిరా అని ఎప్పుడడిగినా రెండు ముక్కల్లో తేల్చేసే నాకు, ఆ రోజు ఫోన్ పెట్టబుద్ధి కాలేదు.

వాడుకలో తెలిసింది ఇది: రాత్రంతా నాలుగు దీపాల కోసం ఇంజను నడపడం దండగ. లోడు లేకుండా తిరిగితే లోపల మసి పడుతుంది, డీజిలూ పోతుంది. సగం లోడుకే గంటకి ముప్పావు లీటరు దాకా తాగుతుంది. అందుకే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా అన్నీ ఒకేసారి: బోరు మోటారు, ఫ్రిజ్, రైస్ కుక్కరు, గ్రైండరు, ఇన్వర్టర్ ఛార్జింగు. ఇస్త్రీపెట్టె మాత్రం మోటారు ఆగాకే. ఇంటి వైరింగుకి చేంజోవర్ స్విచ్ ముందే పెట్టించాను. అది లేకుండా ఇంజను కరెంటు వీధి లైన్లోకి ఎక్కితే, స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం పోతుంది. ఇందులో బేరాలాడకూడదు.

జూలై చలిలో ఇంకో సుఖం దొరికింది. ఇంజను చల్లబడటానికి పక్కనే 200 లీటర్ల డ్రమ్ము ఉంది. పంపేమీ లేదు, వేడి నీళ్లు పైకెక్కి చల్లనివి కిందికి దిగుతూ వాటంతటవే తిరుగుతాయి. రెండు గంటల తర్వాత పైనీళ్లు పొగలు కక్కుతాయి. ఒక బకెట్ తీస్తే ఒక బకెట్ చన్నీళ్లు నెమ్మదిగా పోయాలి, పై గొట్టం మునిగే ఉండాలి. మా ఇంటిల్లిపాదీ స్నానాలు దాంతోనే.

చప్పుడుకి ఎదురింటివాళ్లు తిడతారేమో అని టెన్షన్ పడ్డాను. పొగగొట్టాన్ని ఇటుకల గుంతలోకి దింపాక కాస్త తగ్గింది. వాళ్లు వచ్చింది తిట్టడానికి కాదు, ఫోన్లు పట్టుకుని. షెడ్డు గుమ్మం దగ్గర బల్ల వేసి మల్టీప్లగ్గులు పెట్టాను. ఒకసారి లెక్కపెడితే 14 ఫోన్లున్నాయి. డబ్బులిస్తే తీసుకోలేదు. ఓ ముసలావిడ రోజూ నాలుగు టమాటాలు పెట్టి "జికోమో" అని, అంటే థాంక్స్ చెప్పి, వెళ్తుంది.

ఎనిమిదిన్నరకి ఒక్కొక్క స్విచ్చూ ఆపి, ఆఖర్న డీజిల్ లివరు లాగి పట్టుకుంటాను. దెబ్బ ఆగిపోతుంది గానీ చక్రాలు ఆగవు. షెడ్డు బల్బు ఎర్రబడి ఆరిపోతుంది. చీకట్లో రెండు చక్రాలూ గాలిని కోస్తున్న చప్పుడు మాత్రం మిగులుతుంది. మావాడు పక్కనే నిలబడి చుట్లు లెక్కపెడతాడు. నిన్న 41 దగ్గర ఆగింది. రేపు హ్యాండిల్ తనకిమ్మంటున్నాడు.