మిగిలిన ఒక్క బాదం పూల కార్డు

బాక్సులో ఇరవై నోట్ కార్డులు, ఇరవై కవర్లు. నాలుగు బొమ్మలు, ఒక్కోటి ఐదు చొప్పున. లోపల అంతా ఖాళీ. అచ్చేసిన శుభాకాంక్షలు ఏవీ ఉండవు కాబట్టే ఇవంటే నాకింత ఇష్టం. బొమ్మ వాళ్లది, మాట మనది.

నా దగ్గరున్న బాక్సులో డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన 'బాదం పూలు' కార్డు ఒక్కటే మిగిలింది. నీలి ఆకాశం మీద తెల్లటి పూల కొమ్మలు. చాలాకాలం అది అందమైన బొమ్మ అని మాత్రమే అనుకున్నాను. ఓసారి కార్డు వెనక చిన్న అక్షరాల్లో 1890 అని చూసి, ఆ ఏడాది ఏం జరిగిందా అని చదివాను. జనవరి 31న వాన్ గో తమ్ముడు థియోకి కొడుకు పుట్టాడు. బిడ్డకి పెదనాన్న పేరే, విన్సెంట్ అని పెట్టారు. పెదనాన్నేమో అప్పుడు ఫ్రాన్స్‌లోని సాన్ రెమీలో, మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. కబురు అందగానే ఆ పిల్లాడి కోసం ఈ బొమ్మ మొదలుపెట్టాడు, తమ్ముడూ మరదలూ పడకగదిలో తగిలించుకుంటారని. ఆ జులైలోనే వాన్ గో చనిపోయాడు. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం రావడానికి పాటుపడ్డాడు. 1973లో తెరిచారు. బాదం పూలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి.

అంటే అది మొదటినుంచీ ఒక బిడ్డకి పంపిన కానుకే. ఇది తెలిశాక, బిడ్డ పుట్టిన ఇంటికి తప్ప ఆ కార్డు ఇంకెక్కడికీ పంపలేదు. అంతకుముందు ఒకటి, పుస్తకం తిరిగిచ్చినందుకు థాంక్స్ చెప్పడానికి వాడేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మిగతా వాటిలో ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ వేసిన 'ముద్దు' కార్డులో ఇమడదు. అసలుది 180 సెంటీమీటర్ల చదరం, పైన బంగారు రేకు. మామూలు అచ్చులో ఆ బంగారం గోధుమరంగు అయిపోతుంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 'పెద్ద అల' మాత్రం కార్డులో హాయిగా ఉంటుంది. అసలుదే కాగితం మీద చెక్క అచ్చు, సుమారు 25 సెంటీమీటర్లు బై 37. చేతిలో పట్టుకుని చూసే బొమ్మే. కాకపోతే ఇంకో బాక్సులో, కార్డు సైజుకి సరిపెట్టాలని అంచులు కోసేశారు. ఎడమవైపు పైన ఆయన సంతకం ఉండే చోటే లేదు. చాలా కోపం వచ్చింది. అప్పటినుంచి బాక్సు మీది బొమ్మని అసలు బొమ్మతో పోల్చి చూశాకే కొంటున్నాను.

వచ్చే నెల మా పిన్ని కూతురికి కాన్పు. ఆ చివరి కార్డుని కవరుతో సహా డైరీలో విడిగా పెట్టాను. ఈసారి కవరు మీద తల్లి పేరు కాకుండా బిడ్డ పేరే రాయాలని ఉంది. పేరు పెట్టేదాకా ఆగుతాను.